పొడుగు టోపీలవాళ్లూ పందికొక్కు పెద్దన్నా

ఫిబ్రవరి 2న అమెరికాలోని పెన్సిల్వేనియాలో తెల్లవారకముందే టీవీ పెడితే చిత్రమైన తంతు కనిపిస్తుంది. పంక్సటానీ అనే చిన్న ఊరి దగ్గర, ఎముకలు కొరికే చలిలో వేలమంది మూగి ఉంటారు. నల్లకోట్లు, పొడుగు టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు ఫిల్ అనే బొద్దు జంతువును పైకెత్తి, దాని భాష తమకు తెలిసినట్టే తలలూపి, ఫలితం చదువుతారు. నీడ చూసిందా, చలి ఇంకా ఆరు వారాలు. చూడలేదా, వసంతం ముందే వచ్చేస్తుంది. ఈ జోస్యాల్లో సగం కూడా నిజం కావు, అయినా ఏటా జనం తగ్గరు.

ఆ జంతువు గ్రౌండ్‌హాగ్. ఉడుత జాతిదే గానీ, దివిసీమలో పెరిగినవాడి కంటికి పందికొక్కు పెద్దన్నలా ఉంటుంది. నాలుగైదు కిలోలు తూగుతుంది. ఇక్కడి మా పెరట్లో ఒకటి వెనక కాళ్ల మీద నిలబడి, చిక్కుడు తీగను రెండు చేతులా వంచుకుని, ఆకులు తీరిగ్గా నమిలింది. అదిలిస్తే ఈలలాంటి కూత వేసి షెడ్డు కిందికి దూరింది. మన ఎలుకలా గింజలు దాచుకోదు. వేసవంతా తిని కొవ్వు పట్టించి, చలికాలం నిద్రపోతుంది. నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండె అప్పుడు ఐదారుకు దిగుతుంది. ఫిబ్రవరిలో మగది కాసేపు బయటికొచ్చేది ఆడవాటి బొరియలు చూసుకోవడానికి, నీడతో దానికేం పని? అది వదిలేసిన బొరియల్లో నక్కలు, కుందేళ్లు కాపురం పెడతాయి.

మరి ఈ నీడ గొడవ ఎక్కడిది? 1681లో ఇంగ్లండ్ రాజు, ఇక్కడ ఉన్నవాళ్లను అడగకుండానే, ఈ పెన్సిల్వేనియా నేలను విలియం పెన్ అనే ఆయనకు రాసిచ్చాడు. తర్వాత జర్మన్లు వలస వచ్చారు. వాళ్ల దేశంలో ఆ రోజు నీడ చూడాల్సింది బ్యాడ్జర్ అనే జంతువు. ఇక్కడ అది కళ్లబడలేదు, దొరికినదానికే ఆ పని అంటగట్టారు. పంక్సటానీలో తంతు 1887లో మొదలైంది. వలస వచ్చినవాళ్లు అడవులు కొట్టి పొలాలు చేసిన కొద్దీ గ్రౌండ్‌హాగ్‌కు మేత పెరిగింది, దానితో పాటే తిట్లూ పెరిగాయి. 1883లో న్యూ హాంప్‌షైర్ శాసనసభ ఏకంగా కమిటీ వేసి, చంపినదానికల్లా 10 సెంట్లు ఇమ్మంది.

తలకింతని లెక్కగట్టడం మనకు కొత్తా? మా దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు సార్వా కోతలప్పుడు, ఎలుకకింతని కూలికి వాటిని పట్టడానికి యానాదులు వచ్చేవారు. అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డి కూరి, నిప్పంటించి, మూతిని కన్నానికి ఆనించి, చిల్లిలోంచి ఊదేవారు. మిగతా కన్నాలన్నీ మట్టితో ముందే మూసేసేవారు. ఏ కన్నంలో ఎలుక ఉందో, ఏది ఉత్తదో గట్టు మీద నడుస్తూనే చెప్పేసేవారు. తర్వాత గట్టు తవ్వితే, ఎలుక దాచుకున్న వరివెన్నులు గుప్పెళ్లకొద్దీ బయటపడేవి. ఆ గింజలు వాళ్లవే. పచ్చిగడ్డి కలిసిన ఆ పొగ వాసన ఇక్కడ ఏ చలిమంట దగ్గరా తగల్లేదు నాకు.

చేను కాపాడిన ఆ మనిషి ఎలుకలు తింటాడని, కూలిడబ్బులు చేతికి తగలకుండా పైనుంచి జారవిడిచేవాళ్లం. ఇక్కడ ఫిల్‌ను ఎత్తి చూపించే పెద్దమనుషుల ముందుతరంవాళ్లు, ఆ తొలినాళ్లలో, గ్రౌండ్‌హాగ్‌ను వేటాడి, వండించి, విందు చేసుకున్నారు. ఆ సంగతి ఊరి చరిత్రలో ముచ్చటగా చెప్పుకుంటారు.