నలుగురితో నారాయణ: ఒక వేగపరిమితి చరిత్ర

బ్రిటిష్ కొలంబియాలో హోప్ నుంచి కామ్‌లూప్స్ వరకు కొండల మీదుగా సాగే రహదారి పేరు కోక్విహల్లా. 2014 జులైలో దాని పక్కనున్న బోర్డుల మీద గంటకు 110 కిలోమీటర్లు అన్నది 120గా మారింది. రోడ్డు వెడల్పు కాలేదు, మలుపులు తిన్ననవలేదు, చలికాలంలో మంచు కురవడం మానలేదు. మారింది ఆ సంఖ్య ఒక్కటే. అలాంటి సంఖ్యను ఎవరు, దేన్ని చూసి నిర్ణయిస్తారన్న ప్రశ్నకు చరిత్ర చెప్పే జవాబు ఒకటి కాదు.

తొలి పరిమితులు భయం నుంచి పుట్టాయి. 1865లో బ్రిటిష్ పార్లమెంటు ఆవిరి బండ్లకు ఊరి బయట గంటకు 4 మైళ్ళు, ఊళ్ళో 2 మైళ్ళు అని గీత గీసింది. ఊళ్ళోది మనిషి నడక కంటే తక్కువ. కెనడాలో ఒంటారియో 1903లో 15 మైళ్ళకు ఒప్పుకుంది. గుర్రానికీ మోటారుకీ మధ్య కుదిర్చిన రాజీ అది. తరువాత ఆ పని ఇంజనీర్ల చేతికి వచ్చింది. వాళ్ళు తెచ్చిన సూత్రాన్ని ఎనభై అయిదవ శతాంశం అంటారు. వాతావరణం బాగున్న రోజున, రద్దీ లేని వేళ, వెళ్ళే బండ్ల వేగాలు కొలిచి, తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పేర్చాలి. నూటికి ఎనభై అయిదుగురు ఏ వేగాన్ని మించడం లేదో, దాని దరిదాపుల్లో పరిమితి పెట్టాలి. అధిక సంఖ్యాకులు వివేకవంతులనీ, వాళ్ళని నేరస్థుల్ని చేసే చట్టం నిలవదనీ దీని వెనక నమ్మకం. తెలుగులో చెప్పాలంటే, నలుగురితో నారాయణ.

మొదటిసారి చదివినప్పుడు ఈ సూత్రం నాకు ఎంతో ప్రజాస్వామికంగా తోచింది. ఆ అభిప్రాయాన్ని కదిలించిన పుస్తకానికి రోడ్లతో సంబంధం లేదు. అది జెఫ్రీ రోజ్ 1992లో వెలువరించిన ‘ద స్ట్రాటజీ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్’. అంతకు ముందే, 1985 నాటి వ్యాసంలో, ఆయన కెన్యా సంచార జాతుల రక్తపోటునీ లండను ప్రభుత్వోద్యోగుల రక్తపోటునీ పక్కపక్కన పెట్టి చూపాడు. లండనులో అందరికీ ఉన్నదే కనుక ‘మామూలు’ అనిపించేది కెన్యాలో మామూలు కాదు. సాధారణం వేరు, ఆరోగ్యం వేరు. ఒక జనసమూహం మొత్తం కొద్దిగా పక్కకు జరిగితే చాలు, అంచున ఉన్నవాళ్ళు ఎందరో గోతిలో పడతారు.

వేగానికీ ఇదే వర్తిస్తుంది. పరిమితి పెంచితే బండ్ల వరుస యావత్తూ ముందుకు జరుగుతుంది. ఈసారి కొలిస్తే ఎనభై అయిదవ బండి ఇంకాస్త వేగంగా దొరుకుతుంది. పైగా ఆ కొలతలో నడిపేవాళ్ళే ఉన్నారు. రోడ్డు దాటడానికి చెయ్యి అడ్డంపెట్టి నిలుచున్న ముసలమ్మ వేగం ఎవరూ కొలవలేదు.

ఇంజనీర్ల సూత్రం కూడా ఎల్లప్పుడూ చెల్లలేదు. ఒంటారియో పెద్ద రహదారుల మీద 70 మైళ్ళుగా ఉన్న పరిమితిని 1976లో 60కి దించింది చమురు కరువు. మరుసటి ఏడాది దేశం మెట్రిక్ కొలమానానికి మారినప్పుడు అదే 100 కిలోమీటర్లయింది. నలభై ఏళ్ళకు పైగా మేము శాస్త్రమనుకుని చూసిన ఆ గుండ్రని సంఖ్య పొదుపుకీ కొలమానానికీ పుట్టిన బిడ్డ. 2022లో కొన్ని భాగాల మీద దాన్ని శాశ్వతంగా 110 చేశారు.

బ్రిటిష్ కొలంబియా 2014లో పెంచింది ఒక్క కోక్విహల్లా మీద కాదు, 33 రహదారి భాగాల మీద, దాదాపు 1,300 కిలోమీటర్ల మేర. ఫలితాన్ని లెక్కగట్టిన బృందానికి ముందున్నది వాంకూవరులో అత్యవసర విభాగపు వైద్యుడు జెఫ్రీ బ్రూబాకర్. 2018లో వాళ్ళు ప్రచురించిన ప్రకారం ఆ రోడ్ల మీద ప్రాణాంతక ప్రమాదాలు 118 శాతం పెరిగాయి, అంటే రెట్టింపు దాటాయి. అదే నవంబరులో ప్రభుత్వం 15 భాగాల మీద, 570 కిలోమీటర్ల మేర, పరిమితిని తిరిగి తగ్గించింది. కోక్విహల్లా మీద మాత్రం 120 నిలిచింది.

వైద్యుల మాట అన్నిసార్లూ ఇంత త్వరగా చెల్లదు. 2012లో టొరంటో ప్రజారోగ్యాధికారి డేవిడ్ మెకోవన్ ఇళ్ళ మధ్య వీధుల్లో 30 కిలోమీటర్లు చాలన్నప్పుడు మేయరు దాన్ని పిచ్చి ఆలోచనగా కొట్టిపారేశాడు. మూడేళ్ళకు నగరం నడిబొడ్డున ఉన్న వీధులకు అక్కడి కౌన్సిలర్లు ఆ సంఖ్యకే ఓటు వేశారు. మెకోవన్ చూసింది నడిపేవాడి పాదాన్ని కాదు, తగిలించుకునేవాడి ఎముకను. గతిజశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 మీద వచ్చే బండి కంటే 50 మీద వచ్చే బండి మోసుకొచ్చే శక్తి దాదాపు 2.8 రెట్లు. మన శరీరం ఏ శతాంశానికీ ఒదగదు. 1997లో స్వీడన్ పార్లమెంటు రహదారి విధానానికి పునాదిగా ఒప్పుకున్నది ఈ సత్యాన్నే.

హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద 2023లో పరిమితిని 100 నుంచి 120కి పెంచినప్పుడు, మిత్రులు సంతోషంగా ఆ కబురు పంపారు. నేనూ సంతోషించినట్టే జవాబిచ్చాను. ఎందుకంటే నాకు నన్ను దాచుకోవడం చేతకాదు. రాత్రి డ్యూటీలో, విరిగిన కటి ఎముకల ఎక్స్‌రేల ముందు, నేను రోజ్ శిష్యుణ్ణి. తెల్లవారి ఇంటికి పోతూ 100 అని రాసి ఉన్న రోడ్డు మీద, అందరితో పాటు, 118 మీద ఉంటాను. వెనకనున్నవాడు దీపాలు వెలిగించి తొందరపెడితే ఇంకాస్త తొక్కుతాను.

ఆ ఎనభై అయిదుగురు ఎవరో అని ఇన్నాళ్ళూ వెతికాను. వాళ్ళలో నేనొకణ్ణి. బోర్డు మీది సంఖ్యను రాసేది నా కుడి పాదమే.