పేరు పెట్టినవారు, పేరు చెప్పినవారు

ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదివే రోజుల్లో హెర్బేరియం కోసం యాభై మొక్కలు సేకరించి తెమ్మన్నారు. సెలవులకి ఊరెళ్ళి, చేలో కలుపు తీస్తున్న ఒక అక్క వెంట తిరిగాను. నేల మీద పరుచుకున్న మొక్కని చూపించి, "ఇది అటికమామిడి, పప్పులో వేసుకుంటాం. దాని పక్కది వేరే, పొరపాటు పడకు" అంది. నా కళ్ళకి రెండూ ఒకటే. ఆవిడ ఆకు తిప్పి, కాడ గిల్లి తేడా చూపించింది. కలుపు పీకి గట్టు మీద పడేస్తూ, కూరాకు మాత్రం ఒళ్ళో వేసుకుంటూ ముందుకి కదిలింది.

మొక్కని పాత న్యూస్‌పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టాను. షీటుకి అతికించి లేబుల్ రాశాను. శాస్త్రీయ నామం బోయెర్‌హావియా డిఫ్యూసా. కుటుంబం, ఊరు, తేదీ, స్థానిక నామం అన్నీ నింపాను. 'సేకరించినవారు' అన్నచోట నా పేరు. ఎవరు గుర్తుపట్టి చెప్పారో రాయడానికి లేబుల్లో చోటు లేదు. లేదన్న సంగతి కూడా అప్పుడు నాకు తట్టలేదు.

శాస్త్రం పేర్లు పెట్టే పద్ధతికి 1753లో లిన్నేయస్ ప్రచురించిన 'స్పీషీస్ ప్లాంటారమ్' పునాది. ప్రజాతికి ఒక మాట, జాతికి ఒక మాట, ఆ వెనకే పేరు పెట్టినవారి సంక్షిప్త నామం. అటికమామిడి పేరు చివర ఉండే 'ఎల్' అక్షరం లిన్నేయస్‌ది. మొదటి మాట లైడెన్‌లో వైద్యశాస్త్రం బోధించిన హెర్మన్ బోయెర్‌హావేది. మన పప్పులోకి వచ్చే ఆకు ఇద్దరు యూరప్ మగవాళ్ళ పేర్లు మోస్తోందన్నమాట. కొత్త పేరు చెల్లాలంటే వర్ణనతో పాటు, ఆ పేరుకి ఆధారంగా నిలిచే ఒక నమూనాని ఏదో ఒక హెర్బేరియంలో భద్రపరచాలి. ప్రపంచంలో ఎక్కడివారైనా ఒకే మొక్క గురించి మాట్లాడుకోవాలంటే ఈ కట్టుబాటు అవసరమే. దాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు.

కానీ వర్గీకరణ ఎప్పుడూ సమాజానికి బయట లేదు. 1735లో లిన్నేయస్ మొక్కల్ని 24 తరగతులుగా విభజించాడు. కేసరాలు భర్తలట, అండకోశాలు భార్యలట. చాలా తరగతుల్ని కేసరాల లెక్కని బట్టి నిర్ణయించాడు. వాటి కింద ఉపవిభాగాలకి చాలాచోట్ల స్త్రీ భాగాల లెక్క వాడాడు. పువ్వులో కూడా మగవాడు ఇంటిపేరు, ఆడది ఆ ఇంట్లో ఒక గది! ఈ తారతమ్యానికి వృక్షశాస్త్రంలో కారణమేమీ లేదని లొండా షీబింగర్ వంటి స్త్రీవాద చరిత్రకారులు చూపించారు. తర్వాత వచ్చిన సహజ వర్గీకరణలు ఆ పద్ధతిని పక్కన పెట్టేశాయి.

ఇక మన నేల సంగతి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి తోట పెంచాడు, కోరమాండల్ తీరపు మొక్కలని నమోదు చేశాడు. 1795 నుంచి 1820 వరకూ మూడు సంపుటాలుగా వచ్చిన ఆ గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. మొక్కల తెలుగు పేర్లు ఇచ్చాడు, 'తెలింగులు ఇలా అంటారు' అని రాశాడు. జ్వరానికి వాడే బెరడున్న సోమిద చెట్టుకి అతను పెట్టిన పేరులోని రెండో మాటకి జ్వరాన్ని తరిమేది అని అర్థం. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త అడ్రియన్ ద జుస్సియూ ఆ చెట్టుని వేరే ప్రజాతిగా గుర్తించి 'సోయ్‌మిడా' అన్నాడు. అలా మన సోమిద లాటిన్‌లోకి వెళ్ళి శాశ్వతమైంది. ఆ మాట అందించిన నోరు మాత్రం 'తెలింగులు' అన్న బహువచనంలో కలిసిపోయింది. రాక్స్‌బర్గ్ కోసం బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారులదీ దాదాపు అదే గతి.

స్వయంగా సేకరించిన స్త్రీకైనా పేరు దక్కిందా? 1766లో ఝాన్ బారే అనే ఫ్రెంచి యువతి మగవేషంలో ఓడ ఎక్కింది, ఎందుకంటే నౌకాదళ ఓడల్లో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. వృక్షశాస్త్రవేత్త కొమెర్సన్‌కి సహాయకురాలిగా మొక్కలు కోసింది, బరువులు మోసింది, భూగోళాన్ని చుట్టివచ్చిన తొలి మహిళగా చరిత్రకెక్కింది. కొమెర్సన్ పేరుతో డెబ్భైకి పైగా జాతులున్నాయి. ఆమె పేరుతో అతను అనుకున్న ప్రజాతి నిలబడలేదు. 2012లో దక్షిణ అమెరికాకి చెందిన ఒక సొలానమ్ జాతికి 'బారేటియే' అని పెట్టేదాకా ఆమె వేచి ఉండాల్సి వచ్చింది.

మన జానకీ అమ్మాళ్ (1897-1984) మరో దారి చూపించారు. 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్ వెలువరించిన శాస్త్రవేత్త ఆమె. తర్వాత బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా పునర్నిర్మాణానికి పిలుపు అందుకుని వచ్చి, అక్కడ ఆదివాసుల వృక్షజ్ఞానంపై అధ్యయనానికి నాంది పలికారు. అడవిని తెలిసినవాళ్ళని కూడా శాస్త్రం వినాలన్నది ఆ పనిలోని సారం.

నియమాలు రాతిమీద చెక్కినవి కావు. కొత్త జాతి వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నిబంధన 1935లో వచ్చింది, 2012లో సడలింది. 2024లో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర కాంగ్రెస్, నల్లజాతివారిని కించపరిచే 'కాఫ్రా' అన్న పదాన్ని రెండువందలకి పైగా జాతుల పేర్లలో 'ఆఫ్రా'గా మార్చాలని ఓటు వేసింది. మన దేశంలో జీవవైవిధ్య చట్టం (2002) ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్లు రాయమంది. స్థానిక కమిటీల్లో నియమితుల్లో మూడోవంతు స్త్రీలుండాలని 2004 నిబంధనలు చెప్పాయి. కుర్చీ ఇవ్వడం వేరు, చెప్పినమాట ఆమె పేరుతో రాయడం వేరు.

ఇప్పుడు నా విద్యార్థుల చేత లేబుల్లో ఇంకో గీత గీయిస్తున్నాను: 'గుర్తుపట్టి చెప్పినవారు'. అడిగాకే రాయాలని కూడా చెబుతున్నాను. కిందటేడు ఒక పెద్దావిడ నవ్వి, "నా పేరెందుకమ్మా, ఆకు పక్కన?" అంది. పిల్లలు నావైపు చూశారు. నా పాత షీటు గుర్తొచ్చింది. ఆ అక్క ఊళ్ళోనే ఉండేది, పేరు నాకు తెలుసు. రాయకపోవడానికి నాకు ఏ అడ్డమూ లేదు.