ఫోన్ లాక్ మర్చిపోయారా..? షాపుకి పరిగెత్తే ముందు సిమ్ బయటికి తీయండి

భద్రాచలం: రాత్రి కరెంట్ పోయింది. ఛార్జింగ్ అయిపోయి ఫోన్ స్విచ్ఛాఫ్ అయింది. పొద్దున్నే ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే వేలిముద్ర తీసుకోవట్లేదు.. పిన్ కొట్టమంటోంది. ఎప్పుడో ఫోన్ కొన్న రోజు పెట్టిన పిన్ ఇప్పుడు ఎవరికి గుర్తుంటుంది..?

ఇది ఫోన్ పాడైపోవడం కాదు. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా ఆఫ్ అయి మళ్లీ ఆన్ అయితే మొదటిసారి పిన్, ప్యాటర్న్ లేదా పాస్‌వర్డ్ కచ్చితంగా అడుగుతుంది. ఆ తర్వాతే వేలిముద్ర, ఫేస్ లాక్ పనిచేస్తాయి. రోజూ వేలితో తెరిచేవాళ్లే పిన్ మర్చిపోయేది అందుకే.

ఖమ్మం టౌన్‌లో అయితే ఇదో చిరాకు. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు ఊళ్లలో మాత్రం పని ఆగిపోతుంది. బ్యాంకు ఓటీపీ రావాలన్నా, పోడు పట్టా ఫొటో చూపించాలన్నా ఆ ఫోనే కావాలి. ఉపాధి హామీలో 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో హాజరు తప్పనిసరి చేశారు. మేటు ఫోన్ లాక్ పడితే ఇబ్బంది ఆయన ఒక్కడిదే కాదు. ఇక వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అలాంటి రాత్రి ఫోన్ తెరుచుకోకపోతే..?

ముందు నంబర్ కాపాడుకోండి

లాక్ పడింది ఫోన్‌కి, సిమ్‌కి కాదు. సిమ్ తీసి ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌లో వేస్తే కాల్స్, ఓటీపీలు వచ్చేస్తాయి. సిమ్‌ని బట్టి కీప్యాడ్ ఫోన్ అయినా సరిపోవచ్చు. స్లాట్ పెద్దదైతే చిన్న సిమ్‌కి అడాప్టర్ వేసుకోవాలి. సిమ్‌కి కూడా విడిగా పిన్ పెట్టుకున్నవాళ్లు జాగ్రత్త. 3 సార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది, అది నెట్‌వర్క్ కంపెనీ ఇస్తుంది. పీయూకే 10 సార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు. మెమరీ కార్డు ఉంటే అదీ తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. డేటా పోకుండా లాక్ తీయొచ్చా..? ఈ మధ్య వచ్చిన ఫోన్లలో దాదాపు కుదరదు. పాత ఆండ్రాయిడ్ 4.4 వరకూ ప్యాటర్న్ మర్చిపోతే జీమెయిల్ కొట్టి తెరిచే ఆప్షన్ ఉండేది. ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పటికీ దాని కోసం వెతుకుతుంటారు. ఇప్పుడు లోపలి ఫొటోలు, మెసేజ్‌లు అన్నీ ఎన్‌క్రిప్షన్‌లో ఉంటాయి. వాటిని విప్పే తాళంచెవి తయారవ్వాలంటే మీ పిన్ కావాలి. అందుకే డేటా పోకుండా తీసిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. యూట్యూబ్‌లో కనిపించే సీక్రెట్ కోడ్‌లు, నెట్‌లో దొరికే అన్‌లాక్ సాఫ్ట్‌వేర్‌ల జోలికి అసలు పోవద్దు.

చిన్న మినహాయింపులు ఉన్నాయి. కొన్ని శాంసంగ్ ఫోన్లలో శాంసంగ్ అకౌంట్‌తో రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి ఉండి, ఫోన్‌లో నెట్ ఉంటే దూరం నుంచే లాక్ తీయొచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 17 నుంచి, పాస్‌కోడ్ మార్చిన 72 గంటల్లోపు పాతది కొట్టి కొత్తది పెట్టుకోవచ్చు. ఇవి కుదరకపోతే మిగిలేది ఫ్యాక్టరీ రీసెట్. అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయడమే.

రీసెట్ చేయడం తేలిక.. అసలు చిక్కు తర్వాతే

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆఫ్ చేసి పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కితే రికవరీ మెనూ వస్తుంది. ఏ వాల్యూమ్ బటన్ అన్నది కంపెనీని బట్టి మారుతుంది. అందులో 'వైప్ డేటా' ఎంచుకుంటే ఐదు పది నిమిషాల పని. కానీ ఫోన్ మళ్లీ ఆన్ అయ్యాక, ఇంతకుముందు అందులో ఉన్న గూగుల్ అకౌంట్ వివరాలు అడుగుతుంది. దొంగలు రీసెట్ చేసి అమ్ముకోకుండా 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన రక్షణ ఇది. దొంగని ఆపే ఈ తాళమే ఒక్కోసారి సొంతదారుణ్నీ బయట నిలబెడుతుంది. ఎందుకంటే ఫోన్ కొన్న రోజు జీమెయిల్ పెట్టింది షాపు కుర్రాడో, ఇంటర్ చదివే మేనల్లుడో అయి ఉంటారు. పాస్‌వర్డ్ సంగతి అటుంచితే, మెయిల్ ఐడీ ఏంటో కూడా ఫోన్ ఓనర్‌కి తెలియదు.

కాబట్టి రీసెట్‌కి ముందే ఇంకో ఫోన్‌లో గూగుల్ అకౌంట్ రికవరీ పేజీ తెరవండి. 'ఈమెయిల్ మర్చిపోయారా' నొక్కి, అకౌంట్‌కి ఇచ్చిన ఫోన్ నంబర్, పేరు కొడితే ఐడీ దొరుకుతుంది. ఓటీపీ వచ్చేది ఆ నంబర్‌కే. సిమ్ ముందే తీయమన్నది ఇందుకూ పనికొస్తుంది. పాస్‌వర్డ్ కొత్తగా మార్చుకుంటే 24 గంటలు ఆగాకే రీసెట్ చేయమని గూగుల్ చెబుతోంది.

ఇంకో మాట. అకౌంట్ చెక్ అవ్వాలంటే నెట్ కావాలి. సిగ్నల్ లేని ఊళ్లో రీసెట్ కొడితే ఫోన్ సగంలో ఆగి కూర్చుంటుంది. భద్రాచలమో కొత్తగూడెమో వెళ్లే రోజు చూసుకుని, వైఫై దొరికే చోట చేస్తే మంచిది. ఐఫోన్‌కీ ఇంతే. ఐఓఎస్ 15.2 నుంచి లాక్ స్క్రీన్ మీదే చెరిపేసే ఆప్షన్ వస్తుంది, కానీ నెట్, యాపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ రెండూ ఉండాలి.

అకౌంట్ ఏ రకంగానూ దొరక్కపోతే బిల్లు, గుర్తింపు కార్డు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. బిల్లు లేని ఫోన్ మీదేనని నిరూపించడం కష్టం.

గూగుల్‌లో సేవ్ అయిన కాంటాక్ట్స్, బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఫొటోలు, వాట్సాప్ చాట్‌లు తిరిగొస్తాయి. బ్యాకప్ లేనివి రావు.

పిన్ గుర్తులేదు కానీ ఇంకా వేలిముద్రతో ఫోన్ తెరుచుకుంటోందా..? అయితే మీకు టైం తక్కువ ఉంది. వేలిముద్రతో తెరిచినా లాక్ మార్చడం కుదరదు, దానికి పాత పిన్ అడుగుతుంది. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లోకి, వాట్సాప్ గూగుల్ డ్రైవ్‌లోకి పంపడానికి మాత్రం సాధారణంగా పిన్ అడగదు. ఆ పని అయ్యేవరకూ ఫోన్‌ని స్విచ్ఛాఫ్ కానివ్వకండి. అలాగని ఎక్కువ రోజులు వాయిదా వేయొద్దు, ఆఫ్ కాకపోయినా రెండు మూడు రోజులకోసారి ఫోనే పిన్ అడుగుతుంది.