పాత జీపు పునరుద్ధరణ

పాత జీపు పునరుద్ధరణ అనగా చాలాకాలంగా మూలపడి ఉన్న జీపును విప్పి, తుప్పు తొలగించి, అరిగిన భాగాలను బాగుచేసి లేదా మార్చి, దానిని తయారైననాటి రూపానికి, పనితీరుకు తిరిగి తీసుకొనిరావడం. సాధారణ మరమ్మత్తుకు వాహనం నడవడమే లక్ష్యం. పునరుద్ధరణలో వాహనం నడవడంతో పాటు దాని గుర్తింపు, అసలు నిర్మాణం కూడా నిలవాలి. భారతదేశంలో ఈ పనికి ఎక్కువగా ఎంచుకొనేవి విల్లీస్ నమూనాపై మహీంద్రా సంస్థ తయారుచేసిన జీపులు. వీటి నిర్మాణం సరళమైనది కనుక చాలా పనులు ఇంటి ఆవరణలోనే చేసుకొనవచ్చును. సిలిండరు బోరు, క్రాంకు షాఫ్టు గ్రైండింగు వంటి వాటికి మాత్రం లేతు షాపును ఆశ్రయించవలెను.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోరిన తేలికపాటి వాహనానికి తొలి నమూనాను 1940లో బాంటమ్ సంస్థ తయారుచేసింది. 1941 నుండి 1945 వరకు విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి సుమారు 6.4 లక్షల జీపులను నిర్మించాయి. విల్లీస్ ఎం.బి. జీపులో 2,199 ఘనసెంటీమీటర్ల, 60 అశ్వశక్తి గల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. యుద్ధానంతరం పౌర అవసరాల కోసం సి.జె. శ్రేణి వచ్చింది. 1953లో వచ్చిన సి.జె.-3బి లో కొత్త ఇంజను పాతదానికంటే ఎత్తుగా ఉండడంతో బానెట్టును కూడా ఎత్తుగా చేశారు. ఈ ఎత్తైన బానెట్టు వలన దీనిని సులభంగా గుర్తుపట్టవచ్చును.

మహీంద్రా సంస్థ 1940ల చివరలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి ముంబయిలో కూర్చడం ప్రారంభించి, క్రమంగా ఇక్కడే తయారుచేయసాగింది. అమెరికాలో సి.జె.-3బి తయారీ 1968లో ముగిసినా భారతదేశంలో ఆ ఆకారం మరెన్నో ఏళ్ళు కొనసాగింది. అందుచేత విడిభాగాలు దొరకడం నేటికీ అంత కష్టం కాదు. తెలుగు ప్రాంతాలలో జీపు రెవెన్యూ, పోలీసు, అటవీ శాఖల వాహనంగానూ, బస్సు వెళ్ళని ఊళ్ళకు సర్వీసు వాహనంగానూ, ఎన్నికల ప్రచార వాహనంగానూ సుపరిచితమైనది.

గుర్తింపు, పత్రాలు

పునరుద్ధరణ పానాతో కాక పత్రాలతో మొదలుకావలెను. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను పుస్తకంలోని నంబర్లతో సరిపోవాలి. నంబరు చెక్కిన చోట మట్టి, గ్రీజు తుడిచి, పలుచని కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకొనడం మంచి పద్ధతి. తుప్పు వదిలించే పనిలో ఆ చోట గ్రైండరు పెడితే నంబరు చెరిగిపోయే ప్రమాదమున్నది. నంబరు లేని జీపును తిరిగి నమోదు చేయించడం చాలా కష్టం. చెరిగిన నంబరును సొంతంగా మళ్ళీ చెక్కించడం నేరమవుతుంది.

ప్రభుత్వ శాఖల నుండి వేలంలో అమ్ముడైన జీపులకు వేలం పత్రాలు, యాజమాన్యపు మార్పిడి పత్రాలు కూడా ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు నమోదైన జీపుల వివరాలు రవాణా శాఖ కంప్యూటర్లలోకి ఎక్కినదీ లేనిదీ ముందుగానే విచారించవలెను.

విప్పడం

ఇంటివద్ద చేపట్టిన పునరుద్ధరణలు మధ్యలో ఆగిపోవడానికి ఒక ముఖ్య కారణం గుర్తులు పెట్టకుండా విప్పడం. కొన్ని నెలలు గడచిన తరువాత ఏ బోల్టు ఎక్కడిదో, ఏ వైరు దేనికి వెళ్ళేదో విప్పినవారికే గుర్తుండదు. అందుచేత ఈ క్రింది జాగ్రత్తలు అవసరం.

* విప్పే ముందు ప్రతి భాగాన్ని రెండు మూడు వైపుల నుండి ఫోటో తీయాలి.
* ప్రతి భాగపు నట్లు, బోల్టులు విడివిడి సంచులలో వేసి, చీటీ కట్టాలి.
* కొత్త భాగం వచ్చి అమరేంతవరకు పాత భాగాన్ని తుక్కుకు వేయరాదు. కొత్తదాని కొలత సరిచూడడానికి పాతదే ఆధారం.
* ఒక వ్యవస్థ పని పూర్తయిన తరువాతనే మరొకటి విప్పడం మేలు.

చట్రం, బాడీ

జీపు బరువంతా ఛాసిస్ చట్రం మోస్తుంది. చట్రం వంగినదీ లేనిదీ తెలుసుకొనడానికి సమతలమైన నేలపై నిలిపి, మూలనుండి మూలకు రెండు కర్ణాలను కొలుస్తారు. రెండు కొలతలు సమానంగా లేకపోతే చట్రం వంకరపోయినట్లే. కమాను కట్టలు తగిలించే బ్రాకెట్ల వద్ద, స్టీరింగు పెట్టె బిగించిన చోట పగుళ్ళు ఉన్నవేమో పరీక్షించాలి.

బాడీలో తుప్పు ఎక్కువగా పట్టేది డ్రైవరు కాళ్ళ క్రింది రేకుకు, బాడీ అడుగున ఉండే ఛానెళ్ళకు. యుద్ధకాలపు జీపులలో ఈ ఛానెళ్ళలో చెక్క ముక్కలు అమర్చేవారు. అవి నీటిని పీల్చుకొని లోపలినుండి రేకును తినేస్తాయి. తుప్పుపట్టిన రేకుపై పుట్టీ పూసి రంగు వేస్తే కొంతకాలానికి ఉబ్బి రాలుతుంది. చెడిన రేకును గట్టి రేకు వచ్చేవరకు కోసి, అదే మందం గల కొత్త రేకును వెల్డు చేయడమే సరైన పద్ధతి. ఆ తరువాత రెడ్ ఆక్సైడు వంటి ప్రైమరు పూస్తారు. ప్రైమరు వేయని రేకు వానాకాలపు తేమకు ఒక్క రాత్రిలోనే మళ్ళీ తుప్పుపట్టవచ్చును.

ఇంజను

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజనును నేరుగా సెల్ఫు కొట్టి తిప్పరాదు. పిస్టను రింగులు సిలిండరు గోడకు అంటుకొని ఉంటే విరిగిపోతాయి. ముందుగా ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, ముందువైపు హ్యాండిలుతో నెమ్మదిగా తిప్పి చూడాలి.

తరువాత ప్రతి సిలిండరు కంప్రెషను కొలుస్తారు. తక్కువగా ఉన్న సిలిండరులో కొంచెం ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలిచినప్పుడు ఒత్తిడి పెరిగితే రింగులు లేదా బోరు అరిగినట్లు. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకొనడం లేదని భావించవచ్చును. ఈ చిన్న పరీక్ష వలన అనవసరంగా ఇంజనంతా విప్పే శ్రమ తప్పవచ్చును.

నేటి పెట్రోలు పాత ఇంజన్లకు రెండు కొత్త సమస్యలను తెచ్చింది. భారతదేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలు నిలిచిపోయింది. సీసం వాల్వు సీట్లకు రక్షణగా ఉండేది కనుక మెత్తని సీట్లున్న ఇంజన్లకు గట్టి లోహపు సీట్లు వేయించడం మంచిది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. ఇథనాలు పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపు డయాఫ్రమును చెడగొడుతుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. ఈ భాగాలను ఇథనాలును తట్టుకొనే రబ్బరుతో మార్చవలెను.

బ్రేకులు, చోదక వ్యవస్థ

పాత జీపుల హైడ్రాలిక్ బ్రేకులలో నాలుగు చక్రాలకూ ఒకటే ద్రవ మార్గం ఉంటుంది. ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందుచేత మాస్టరు సిలిండరు, చక్రాల సిలిండర్ల రబ్బరు కప్పులు, గొట్టాలు అన్నీ కలిపి మార్చాలి. బ్రేకు ఆయిలుకు బదులు ఇంజను ఆయిలు వంటివి పోస్తే కప్పులు ఉబ్బి బ్రేకులు పట్టుకొనిపోతాయి. బ్రేకులు పూర్తికాకుండా ఇంజను మ్రోగిందన్న సంతోషంతో వాహనాన్ని రోడ్డెక్కించడం ప్రాణాంతకం.

ఈ జీపులలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియలు ఉండదు. కాబట్టి నాలుగు చక్రాల చోదనాన్ని బురద, ఇసుక, జారుడు నేలలలోనే వాడవలెను. పొడి తారురోడ్డుపై వాడితే ట్రాన్స్‌ఫర్ కేసుపై ఒత్తిడి పెరిగి పళ్ళు దెబ్బతింటాయి. నాలుగు టైర్లూ ఒకే కొలతలో ఉండవలసిన కారణం కూడా ఇదే.

ఇంజను మార్పిడి, చట్టం

పెట్రోలు ఖర్చు భరించలేక అనేకులు తమ జీపులకు డీజిలు ఇంజన్లు బిగించుకొన్నారు. అటువంటి జీపు దొరికినప్పుడు అసలు ఇంజనును తిరిగి తేవాలా, ఉన్నదానినే ఉంచాలా అనేది యజమాని తీసుకొనవలసిన ముఖ్య నిర్ణయం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. ఈ నియమాన్ని 2019లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అనుమతితో ఇంజను మార్చినప్పుడు కొత్త నంబరును పుస్తకంలో నమోదు చేయించాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం పురాతన వాహనాలకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. తొలి నమోదు జరిగి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించారు. ఇటువంటి వాహనాలను వాణిజ్యానికి గాని, రోజువారీ ప్రయాణాలకు గాని వాడరాదు. కావున అలంకారం కోసం చట్రాన్ని కోసి పొడిగించినా, వేరే బాడీ వేయించినా జీపు ఈ అర్హతను కోల్పోవచ్చును.

భద్రత

* ఖాళీ పెట్రోలు ట్యాంకులో కూడా ఆవిరి నిలిచి ఉంటుంది. దానిని ఇంట్లో వెల్డు చేయరాదు.
* పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. ఆ ధూళిని గాలితో ఊదక, తడిపి తుడవాలి.
* పాత రంగులలో సీసం ఉండవచ్చును. గీకేటప్పుడు తగిన మాస్కు ధరించాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.
* జాకీ మీద మాత్రమే నిలిపిన వాహనం క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు తప్పనిసరి.

పనుల క్రమం

సాధారణంగా అనుసరించదగిన క్రమం: పత్రాలు, చట్రం, బ్రేకులు, స్టీరింగు, ఇంజను, వైరింగు, చివరగా రంగు. రంగు ముందుగా వేస్తే తరువాతి పనులలో గీతలు పడి చెడిపోతుంది, లోపలి పగుళ్ళు కూడా కనిపించకుండా పోతాయి. పూర్తయిన తరువాత ఫోటోలు, కొలతలు, మార్చిన భాగాల జాబితా ఒక పుస్తకంగా భద్రపరచాలి. వాహనంలో ఏది అసలుదో, ఏది కొత్తదో తరువాతి యజమానికి, తనిఖీ అధికారికి తెలియజేసేది ఆ పుస్తకమే.