వైన్‌తో వంట

వైన్‌తో వంట అనగా ద్రాక్షపళ్ల రసాన్ని పులియబెట్టి తయారుచేసిన వైన్‌ను మాంసం, చేపలు, కూరగాయల వంటకాలలో ఒక దినుసుగా వాడే పద్ధతి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వంటి ఐరోపా దేశాలలో రాత్రి భోజనపు వంటకాలలో దీని వాడకం ఎక్కువ. వంటకానికి పులుపును, సువాసనను ఇవ్వడం వైన్ చేసే ప్రధానమైన పని. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల ఇంటి వంటలో పులుపునిచ్చే పనిని ముఖ్యంగా చింతపండు చేస్తుంది. వైన్‌లోనూ చింతపండులోనూ ప్రధానంగా ఉండేది టార్టారిక్ ఆమ్లమే. వైన్ పోసి ఉడికిస్తే అందులోని ఆల్కహాలు పూర్తిగా ఆవిరైపోతుందన్న నమ్మకం విస్తృతంగా ఉన్నప్పటికీ అది నిజం కాదు.

పేరు

తెలుగు బైబిలు అనువాదంలో వైన్‌ను ద్రాక్షారసము అన్నారు. వాడుకభాషలో మాత్రం 'వైన్ షాపు' అంటే బ్రాందీ, విస్కీ, బీరు మొదలైన అన్ని రకాల మద్యం అమ్మే దుకాణమని అర్థం. అందువలన వంట పుస్తకాలలో కనిపించే వైన్ అనే మాటను ఏదో ఒక మద్యమని పొరబడే అవకాశం ఉంది. వంటలో వాడే వైన్ ద్రాక్షరసం పులియగా వచ్చినది. దానిని బట్టీ పెట్టరు. ఇందులో ఆల్కహాలు సాధారణంగా 12 నుంచి 14 శాతం వరకు ఉంటుంది. ఆయుర్వేదంలోని ద్రాక్షారిష్టం, ద్రాక్షాసవం కూడా పులియబెట్టి చేసే మందులే. వాటిలోనూ పులియడం వలన పుట్టిన ఆల్కహాలు కొంత ఉంటుంది.

వంటలో వైన్ చేసే పని

* పులుపు: వైన్‌లోని టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసపు రుచిని తేలికపరుస్తాయి.
* సువాసన: కొన్ని సువాసన పదార్థాలు నీటిలో కంటే ఆల్కహాలులో బాగా కరుగుతాయి. ఆల్కహాలు ఆవిరయ్యేటప్పుడు వాటిని తనతోపాటు పైకి తెస్తుంది.
* అడుగు కరిగించడం: మాంసాన్ని వేయించినప్పుడు మూకుడు అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంది. అందులో వైన్ పోసి గరిటెతో గీకితే ఆ పొర కరిగి రసానికి రుచినిస్తుంది. ఆ పొర నల్లగా మాడితే మాత్రం రసం చేదెక్కుతుంది.
* నానబెట్టడం: మాంసాన్ని వండేముందు వైన్‌లో నానబెడతారు. అయితే ఆమ్లం ప్రభావం చాలావరకు పైపొరకే పరిమితం. లోపలి మాంసం మెత్తబడేది నిదానంగా ఉడకడం వలననే.

సాధారణంగా ఎర్ర వైన్‌ను ముదురురంగు మాంసాలకు, తెల్ల వైన్‌ను చేపలకు, కోడిమాంసానికి వాడుతారు. ఎర్ర వైన్‌లో వగరునిచ్చే టానిన్లు ఎక్కువ. వైన్ మరిగి చిక్కబడేకొద్దీ ఈ వగరు కూడా పెరుగుతుంది.

ప్రసిద్ధ వంటకాలు

ఫ్రాన్స్‌లో కోడిమాంసాన్ని ఎర్ర వైన్‌లో ఉడికించే కోక్ ఓ వాన్, గొడ్డుమాంసంతో చేసే బఫ్ బుర్గిన్యోన్ పేరుపొందినవి. ఇటలీలో రిసోట్టో అనే బియ్యపు వంటకంలో, బియ్యాన్ని వెన్నలో వేయించిన తరువాత తెల్ల వైన్ పోస్తారు. చైనాలో షావోషింగ్ అనే బియ్యపు మద్యాన్ని, జపాన్‌లో సాకే, మిరిన్‌లను మాంసం, చేపల నీచువాసన తగ్గించడానికి వాడుతారు.

భారతదేశంలో ఈ పద్ధతి పొందిన మార్పుకు గోవా వంటకమైన విందాలూ మంచి ఉదాహరణ. పోర్చుగీసువారు వైన్, వెల్లుల్లి కలిపి మాంసాన్ని నానబెట్టే పద్ధతిని గోవాకు తెచ్చారు. వారి భాషలో 'విన్య ద ఆల్యుష్' అన్న ఆ పేరే విందాలూ అయింది. గోవాలో వైన్ స్థానాన్ని కల్లు నుంచి చేసిన వెనిగర్ ఆక్రమించింది. మిరపకాయలు, మసాలాలు తరువాత చేరినవే. అనగా వైన్ పోయినా పులుపు నిలిచింది.

కృష్ణా డెల్టాలో పులుపు

కృష్ణా డెల్టాకు ఐరోపా వర్తకుల రాక కొత్తది కాదు. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వర్తకస్థావరాలు నెలకొల్పారు. అయినప్పటికీ వైన్‌తో వండే పద్ధతి డెల్టా ఇళ్లలో స్థిరపడలేదు. ఇక్కడి వంటలో పులుపు కోసం చింతపండు, చింతచిగురు, గోంగూర, చుక్కకూర, మామిడికాయ, నిమ్మకాయ వాడుతారు.

విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న పాత పట్టణమే వన్ టౌన్. కూరగాయలు, పండ్లు, వంట దినుసుల వ్యాపారానికి ఇది చాలాకాలంగా పేరుపొందినది. ఇక్కడి కాళేశ్వరరావు మార్కెట్‌కు స్వాతంత్ర్య సమరయోధుడు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి సభాపతి అయిన అయ్యదేవర కాళేశ్వరరావు పేరు పెట్టారు. చింతపండు కొనేవారు కొత్తదా, పాతదా అని చూసి కొంటారు. వేసవి నాటికి అంగళ్లకు వచ్చే కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది. ఏడాది దాటినది నల్లబడుతుంది. రంగు తేలికగా ఉండవలసిన వంటకాలకు కొత్తదానిని ఎంచుకుంటారు.

డెల్టాలో వండే చేపల పులుసు, వైన్ వంటకాలకు అన్నివిధాలా సరితూగేది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయించి, కారం, ఉప్పు, చింతపండు రసం పోసి చిక్కబడేవరకు మరిగిస్తారు. తరువాత కొర్రమీను వంటి చేపల ముక్కలను వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకొని తిప్పుతారు. చేప నీచువాసనకు కారణమైన అమైన్లు అనే పదార్థాలు ఆమ్లంతో కలిసినప్పుడు గాలిలోకి తేలికగా ఎగరవు. అందువలన వాసన తగ్గుతుంది. తెల్ల వైన్ చేసే పని కూడా ఇదే. రాత్రి వండిన పులుసు మరునాటికి మరింత రుచిగా ఉంటుందని తెలుగువారు చెప్పే మాటనే ఫ్రాన్స్‌వారు కోక్ ఓ వాన్ గురించి చెబుతారు.

ఆల్కహాలు ఎంత మిగులుతుంది

ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ వద్ద, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతాయి. కాబట్టి ఆల్కహాలు ముందే పోతుందని చాలామంది భావిస్తారు. కాని నీటితో కలిసిన ఆల్కహాలు విడిగా మరగదు. రెండూ కలిసి ఆవిరవుతూ, ఆల్కహాలు శాతం క్రమంగా తగ్గుతుంది. 1992లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనను ఆధారంగా చేసుకొని ఆ దేశపు వ్యవసాయశాఖ ఇచ్చిన అంకెలు ఇలా ఉన్నాయి.

* మరిగే రసంలో పోసి వెంటనే దించితే: 85 శాతం మిగులుతుంది
* మంట అంటించి ఆర్పితే: 75 శాతం
* కలిపి 15 నిమిషాలు ఉడికిస్తే: 40 శాతం
* 30 నిమిషాలు: 35 శాతం
* 1 గంట: 25 శాతం
* 2 గంటలు: 10 శాతం
* రెండున్నర గంటలు: 5 శాతం

ఈ అంకెలు పాత్ర వెడల్పును, మూతను, మంటను బట్టి మారుతాయి. వెడల్పైన పాత్రలో మూత లేకుండా ఉడికిస్తే ఆల్కహాలు త్వరగా తగ్గుతుంది. ఉదాహరణకు 13 శాతం ఆల్కహాలున్న వైన్ ఒక కప్పు, అనగా 240 మిల్లీలీటర్లు పోస్తే అందులో సుమారు 31 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. అరగంట ఉడికిన తరువాత దాదాపు 11 మిల్లీలీటర్లు మిగులుతుంది. నలుగురు తింటే ఒక్కొక్కరికి 3 మిల్లీలీటర్ల లోపు వస్తుంది. ఇది మత్తునిచ్చే మోతాదు కాదు. అయితే బొత్తిగా లేనట్లూ కాదు.

ఎవరికి ముఖ్యం

ఈ తేడా కొందరికి చాలా ముఖ్యమైనది. ఇస్లాంలో మద్యం నిషిద్ధం కనుక ముస్లిములు వైన్ కలిసిన వంటకాన్ని తినరు. కనకదుర్గమ్మ భక్తులు భవానీ దీక్షలో ఉన్నప్పుడు మద్యమాంసాలను విడిచిపెడతారు. మద్యం మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడేవారికి కొద్దిపాటి ఆల్కహాలు వలన కూడా ముఖం ఎర్రబడటం, వాంతులు, గుండెదడ కలగవచ్చు. గర్భిణులు ఆల్కహాలును పూర్తిగా మానాలని వైద్యులు సూచిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో మద్యం సామాజిక సమస్యగా కూడా చర్చకు వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు ప్రారంభించిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. దాని ఫలితంగా 1993లో సారాను, 1995 జనవరిలో మద్యాన్ని పూర్తిగా నిషేధించారు. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. ఇటువంటి నేపథ్యం ఉన్నచోట, వండినవారు వైన్ వేసిన సంగతిని వడ్డించేముందే అతిథులకు తెలపడం మర్యాద.

వైన్‌కు బదులు

వైన్‌లో ఆమ్లం సాధారణంగా లీటరుకు 5 నుంచి 8 గ్రాములు ఉంటుంది. అనగా ఒక కప్పులో సుమారు 1.2 నుంచి 1.9 గ్రాములు. చింతపండు గుజ్జులో టార్టారిక్ ఆమ్లం దాదాపు 8 నుంచి 18 శాతం వరకు ఉంటుంది. కాబట్టి ఉసిరికాయంత, అనగా 10 గ్రాముల చింతపండును ఒక కప్పు నీటిలో నానబెట్టి పిసికి వడగడితే, పులుపు విషయంలో ఒక కప్పు వైన్‌కు ఇంచుమించు సరిపోతుంది. ఫలరసపు రుచి కోసం కొద్దిగా బెల్లం గాని, నల్లద్రాక్ష రసం గాని చేర్చవచ్చు. ఎముకలు ఉడికించిన నీటిలో నిమ్మరసం కలిపి కూడా వాడుతారు. పులుపు సరిపోయినా వైన్ సువాసన మాత్రం వీటితో రాదు.

పాత్రలు

వైన్‌గాని చింతపండుగాని పోసే వంటకు పూతలేని అల్యూమినియం, ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు తగవు. ఆమ్లం లోహాన్ని కరిగించి రుచిని, రంగును పాడుచేస్తుంది. తెలుగువారు పులుసుకు మట్టికుండలను, రాచిప్పలను వాడటానికి, ఇత్తడి పాత్రలకు కళాయి పూయించడానికి కారణం ఇదే. స్టీలు, పింగాణీ పూత ఉన్న పాత్రలు కూడా అనువైనవి.

ఇవి కూడా చూడండి

* చింతపండు
* పులుసు
* ద్రాక్ష
* సారా వ్యతిరేక ఉద్యమం
* విజయవాడ