గేంద్ ఇటలీది, నామ్ స్విట్జర్లాండ్‌ది

జిమ్ముల్లో అద్దాల ముందు దొర్లుతుండే పెద్ద బంతిని అందరూ ‘స్విస్ బాల్’ అంటారు. కానీ అది పుట్టింది ఇటలీలో. 1963లో అక్విలినో కొసాని అనే ప్లాస్టిక్ కార్ఖానాదార్, మనిషి బరువును మోసే, అంత తేలిగ్గా పగలని పెద్ద బంతుల్ని తయారుచేశాడు.

ఆ గేంద్‌కి మొదటి షాగిర్దులు పహిల్వాన్లు కాదు, పసిబచ్చాలు. మేరీ క్వింటన్ అనే బ్రిటిష్ ఫిజియోథెరపిస్ట్ స్విట్జర్లాండ్‌లో పనిచేస్తూ, మెడ నిలపలేని, కూర్చోలేని పిల్లల ఇలాజ్‌లో ఈ బంతిని వాడింది. ఆమె నడిచిన బాట బొబాత్ దంపతులది. భార్య బెర్టా బెర్లిన్‌లో కస్రత్ నేర్పిన ఉస్తాదు, భర్త కారెల్ డాక్టరు. ఇద్దరూ యూదులు. నాజీల జుల్మ్ నుంచి తప్పించుకుని లండన్‌లో పనాహ్ తీసుకున్నారు. అక్కడే మాజూర్ పిల్లల కోసం తమ వైద్య పద్ధతిని తీర్చిదిద్దారు.

తర్వాత బాసెల్ నగరంలో సుజానే క్లైన్-ఫోగెల్‌బాఖ్ అనే ఫిజియోథెరపీ ఉస్తాదు ఈ బంతిని పెద్దవాళ్ల కమర్ దర్ద్‌కీ, కీళ్ల ఇబ్బందులకీ వాడింది. అది అక్కడ చూసిన అమెరికా థెరపిస్టులు 1980ల్లో తమ దేశానికి తీసుకెళ్లారు. స్విట్జర్లాండ్‌లో చూశారు కాబట్టి ‘స్విస్’ అన్నారు. ఆస్పత్రి నుంచి జిమ్ముకి చేరింది ఆ తర్వాతే.

దాని హునర్ సాదాసీదాది. నేల కదలదు, బంతి కదులుతుంది. పడిపోకుండా ఉండాలంటే పొట్ట, కమర్ చుట్టూ ఉన్న లోపలి కండరాలు ప్రతి క్షణం పనిచేయాల్సిందే. బంతి మీద వెల్లకిలా వాలితే బిగుసుకుపోయిన ఛాతీ, వెన్ను మెల్లగా సాగుతాయి.

మన బస్తీల్లో తాలీంఖానాలుండేవి. ముగ్దర్లు తిప్పే మర్దులుండేవాళ్లు. ఆ గుమ్మం అమ్మీలకీ, ఆపాలకీ తెరుచుకోలేదు. జిందగీ అంతా బావర్చీఖానాలో వంగి, కమర్ పట్టుకుని ‘సబర్’ అనుకోవడమే వాళ్ల వంతయింది. ఇక మాజూర్ బచ్చా పుడితే తఖ్దీర్ అని మూల గదిలో పడుకోబెట్టిన ఇళ్లెన్నో! సబర్ మంచిదే. ఇలాజ్ వెతకడం సబర్‌కి ఖిలాఫ్ కాదు. మన జిస్మ్‌కీ మన మీద హక్ ఉందని దీన్ చెబుతోంది కదా.

ఈ కస్రత్‌కి పర్దా అడ్డు కాదు, జిమ్ము ఫీజూ అక్కర్లేదు. ఇంట్లో ఒక గది చాలు. సుమారు 5 అడుగుల నుంచి 5 అడుగుల 6 అంగుళాల ఎత్తున్నవాళ్లకి 55 సెంటీమీటర్ల బంతి సరిపోతుంది. కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి ఎత్తులో ఉండాలి. మొదట్లో గోడ పక్కన, ఎవరైనా తోడుండగా కూర్చోవాలి. వెన్నునొప్పి ఉన్నవాళ్లూ, హామిలా ఔరతులూ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. మాజూర్ పిల్లల్ని మాత్రం ఫిజియోథెరపిస్ట్ దగ్గరికే తీసుకెళ్లండి, ఎంత చిన్న వయసులో తీసుకెళ్తే అంత మేలు. ఈ గేంద్‌ని మొదట చేతుల్లోకి తీసుకున్నది వాళ్ల కోసమే.