మంగలికత్తి సానరాయి: గుర్తింపు సమస్య

తలనీలాల సమర్పణకు ప్రసిద్ధమైన తిరుమల కల్యాణకట్టలో నేడు బ్లేడ్లే వాడుకలో ఉన్నాయి. మంగలికత్తితోపాటు దానిని నూరిన రాయి కూడా పొదిలోంచి తొలగిపోయింది. అటువంటి పాత రాయి ఒకటి లభిస్తే దాని జాతిని నిర్ణయించడం ఎలా?

పేరు ఇందుకు చాలదు. సంస్కృత ‘శాణ’ శబ్దభవమైన ‘సాన’ కత్తి నూరే రాతికీ, గంధం తీసే రాతికీ సమానమే. దొరికిన చోటు కూడా ప్రమాణం కాదు. తిరుమల, నగరి కొండలు క్వార్ట్‌జైటు శిలలవి. అయినా పొదిలో ఇమిడి ఊరూరా తిరిగే రాయి ఆ కొండలదే కానక్కరలేదు.

కాబట్టి రాతినే పరిశీలించాలి. గంధపు సాన నడుమ అరుగుతుంది. మంగలికత్తికి వెన్నూ అంచూ ఒకేసారి రాతికి ఆనాలి గనుక దాని సాన సమతలంగా ఉండాలి. రేణువుల సన్నదనం భూతద్దంలో తెలుస్తుంది. పలుచని పొరలుగా చీలే గుణం పలకరాతిని సూచిస్తుంది. ఆమ్లపు చుక్కకు పొంగితే అది సున్నపురాయి కావచ్చు. అయితే ఈ పరీక్షను నూరే ముఖంపై కాక అడుగుభాగాన చేయాలి.

రాయి జాతిని ఈ పరీక్షలు చెప్పగలవు. నూరిన తీరును చెప్పగలిగినవారు వృద్ధ నాయీబ్రాహ్మణులే. వారి మాటలను రాతితోపాటు నమోదు చేయకుంటే మిగిలేది వాడుక తెలియని రాతిముక్క మాత్రమే.